మా సిపాయి బొమ్మకి ఏ కాలు ముందు?

ఒక కొయ్యబొమ్మ కోసం పొద్దున్నే బస్సెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరానంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి, ఫరవాలేదు. ఇదివరకు ఇక్కడ మోపిదేవి గురించీ, హంసలదీవి గురించీ రాశాను. అవి దేవుడి కోసం చేసిన ప్రయాణాలు. ఇది మా అబ్బాయి కోసం చేసింది. మాది పామర్రు దగ్గర నేత ఇల్లు. దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. మా అమ్మ నాటి నుంచి ఒక పద్ధతి ఉంది: ఏటా కొలువులోకి ఒక్క కొత్త బొమ్మయినా రావాలి, అదీ ఆ ఏడు ఇంట్లో జరిగిన శుభానికి గుర్తుగా ఉండాలి. మా అమ్మాయి పుట్టిన ఏడు ఉయ్యాల బొమ్మ వచ్చింది. రెండో మగ్గం వేసిన ఏడు చిన్న మగ్గం వచ్చింది. ఏమీ జరగని ఏడు చిలక బొమ్మతో సరిపెట్టేవాళ్ళం. ఈ ఏడు మాత్రం చిలకతో సరిపెట్టే ఏడు కాదండీ! మా చిన్నవాడు దుర్గారావు శిక్షణ పూర్తిచేసి సిపాయి అయ్యాడు!

వాళ్ళు ప్రమాణం చేసే కవాతుకి మమ్మల్ని కూడా రమ్మన్నారు. మా అమ్మాయి రైలు టిక్కెట్లు తీసి, నన్నూ మా ఆవిడ నాగమణినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. ఎక్కడికో రాయను, రాయకూడదంటాడు వాడు. ఆ మైదానంలో అంతమంది పిల్లలు, సాగదీసిన పడుగు పోగుల్లాగా, ఒక్క వంకర లేకుండా వరసల్లో వస్తుంటే కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయాను. నలభై ఏళ్ళు పడుగు చూసిన కళ్ళు ఇవి. అంత నిటారు వరస నేను మగ్గం మీద కూడా చూడలేదు. మా వాణ్ణి గుర్తుపట్టేసరికే చాలాసేపయింది. గుర్తుపట్టాక కళ్ళనిండా నీళ్ళే, ఇంకేం కనపడుతుంది!

మరి అంత సంతోషంలో కోపం ఎందుకొచ్చిందో చెప్తాను. మా వాడు చేరింది ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం. గుర్రం లేదు, ట్యాంకు లేదు, తుపాకీ పట్టుకుని కాళ్ళ మీద నడిచి వెళ్ళే దళం. శిక్షణయ్యాక వాడు రెజిమెంటుకి బయలుదేరేముందు ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఒకటే ప్రశ్న. "టెక్నికల్ రాలేదా? క్లర్కు పోస్టులో పడొచ్చుగా? ఉత్త సిపాయేనా?" ఉత్త సిపాయంట! వాళ్ళ పిల్లలు ఏసీ గదిలో కూర్చుంటే గొప్ప, మావాడు మంచులో నిలబడితే ఉత్త! ఆ మాటలు వాడి మనసులో ఎంత దిగాయో నాకు తర్వాత తెలిసింది. రెజిమెంటుకి వెళ్ళాక మొదటి ఫోనులోనే వాళ్ళమ్మతో, "అమ్మా, ఎవరన్నా అడిగితే ఆర్మీలో ఉద్యోగం అని చెప్పు చాలు. ఇన్‌ఫాంట్రీ అని చెప్పకు" అన్నాడు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. నాకు కావలసింది ఒక్కటేనండీ. వాడు దసరా వెళ్ళాక సెలవు మీద వస్తాడు. అప్పుడు వీధిలో ఎవరడిగినా తన పని పేరు తనే తలెత్తుకుని చెప్పాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

నాగమణి మాత్రం తేల్చేసింది. "ఈ ఏడు కొత్త బొమ్మ సిపాయే. పేరంటానికి వచ్చిన ప్రతి ఒక్కళ్ళూ చూడాలి."

"వాడు చెప్పొద్దన్నాడు కదే. కోప్పడితే?"

"నేను ఎవరికీ చెప్పనండీ. బొమ్మ పెడతాను. బొమ్మ చెప్పేస్తే నాదా తప్పు?"

అలా మొదలైంది కొండపల్లి ప్రయాణం. పామర్రులో ఆరున్నరకల్లా బందరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు దొరికింది. టిక్కెట్టు ఎనభై రూపాయల లోపే. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కాబట్టి బస్సు నిండుగా ఉంటుంది. సీటు కావాలంటే ఇంకొంచెం ముందే వెళ్ళండి. ఉయ్యూరు దాకా నిలబడే వెళ్ళాను. కిటికీల్లోంచి దుబ్బుకట్టిన వరిచేలు పచ్చగా కనిపిస్తుంటే నిలబడ్డానన్న సంగతే మర్చిపోయాను. జేబులో చిన్న పొట్లం ఉంది. అందులో ముదురాకుపచ్చ నూలు. మా వాడి టోపీ మీద పైకి లేచిన కుచ్చు ఒకటి ఉంటుంది. ఒక్కో రెజిమెంటుకి ఒక్కో రంగట. మా వాడి ఫోటో పక్కన పెట్టుకుని, నా దగ్గరున్న నూలు చిలపలన్నీ వెతికి, ఆ రంగుకి సరిగ్గా సరిపోయే నూలు తీసుకొచ్చాను. బొమ్మ కొన్నదైనా కుచ్చు మా ఇంటిదే కావాలని.

బెంజ్ సర్కిల్ దగ్గర దిగాను. అక్కడ మా బావమరిది ప్రసాదుకి బట్టల షాపుంది. విజయవాడ వచ్చి కనపడకుండా వెళ్తే నాగమణి ఊరుకోదు. ప్రసాదు మర్యాద తెలిసినవాడే. హోటలుకి తీసుకెళ్ళి ఉప్మా పెసరట్టు పెట్టించాడు. అల్లం పచ్చడి ఎంత బాగుందంటే రెండోసారి అడిగి వేయించుకున్నాను. సంగతి విన్నాక, "బొమ్మ కోసం కొండపల్లి దాకా ఎందుకు బావా? ఇక్కడే దొరుకుతుంది" అని పక్కనున్న బొమ్మల దుకాణానికి లాక్కెళ్ళాడు.

"ఇది చూడండి. బటన్ నొక్కితే పాక్కుంటూ వెళ్ళి తుపాకీ పేలుస్తుంది."

నొక్కాడు. ఆ ప్లాస్టిక్ సిపాయి గచ్చు మీద పొట్టతో పాకుతూ, ఎర్రలైటు వెలిగిస్తూ, ఏదో భాషలో అరుచుకుంటూ వెళ్ళి బీరువాకి గుద్దుకుని అక్కడే కాళ్ళు కొట్టుకోవడం మొదలెట్టింది.

"దీని భుజం మీద జెండా ఏ దేశానిదిరా?"

"ఏ దేశానిదైతే ఏం బావా, సోల్జర్ సోల్జరే కదా."

"నీ షాపుకొచ్చి వెంకటగిరి చీర అడిగితే, సూరత్ చీర చేతిలో పెట్టి చీర చీరే కదా అంటావా?"

కౌంటరు దగ్గరున్నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ప్రసాదు మొహం మాడింది. ఆ ఉడుకుతోనే అన్నాడో, మనసులో ఉన్నదే అన్నాడో గానీ, "కోప్పడకండి బావా. ఇన్‌ఫాంట్రీ అంటే ఏముంది, చదరంగంలో బంటు. ముందు నడిపిస్తారు, ముందు పోతుంది. రెండేళ్ళు ఆగి టెక్నికల్‌కి రాయమని నేనప్పుడే చెప్పాను" అన్నాడు.

ముందు పోతుంది! మేనమామ అనాల్సిన మాటేనా ఇది? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నాగమణి చెవిన పడితే ఏమవుతుందో అన్న భయం ఒకటి. ఆ బొమ్మ ఇంకా బీరువా దగ్గర కాళ్ళు కొట్టుకుంటూనే ఉంది. "వెళ్ళొస్తానురా" అని సిటీ బస్సెక్కేశాను. ఎప్పుడూ అంతే, జవాబు సమయానికి దొరకదు. బస్సు పెద్ద బస్టాండు చేరేసరికి తట్టింది. ఒరేయ్ ప్రసాదూ, చదరంగంలో ఏనుగు వెనక్కొస్తుంది, గుర్రం వెనక్కొస్తుంది, మంత్రి ఎటైనా పరిగెత్తుతాడు. వెనకడుగు వెయ్యనిది బంటొక్కటేరా! అవతలి గట్టు చేరితే మంత్రయ్యేదీ అదేరా! బస్టాండులో నిలబడి ఒక్కణ్ణే చెయ్యి ఊపుతూ ఈ మాటలు అనుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ సంచీ తీసుకుని కొంచెం అవతలికి జరిగింది.

పెద్ద బస్టాండులో కొండపల్లి బస్సులు తరచుగానే ఉంటాయి. నలభై రూపాయల లోపు టిక్కెట్టు, ముప్పావుగంట నుంచి గంట ప్రయాణం. రైళ్ళు కూడా ఉన్నాయి గానీ వేళలు చూసుకోవాలి. అమ్మవారి కొండ కింద దసరా క్యూల కోసం పందిళ్ళు వేస్తున్నారు. నవరాత్రుల్లో ఈ దారిలో బస్సులు మళ్ళిస్తారు కాబట్టి ఆ తొమ్మిది రోజులూ ఈ ప్రయాణం పెట్టుకోకండి. ఎడమవైపు కృష్ణ నిండుగా ఉంది. భవానీపురం, గొల్లపూడి దాటాక ఇబ్రహీంపట్నం దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అవి కనపడితే కొండపల్లి వచ్చేసినట్టే.

బొమ్మల వీధిలో అడుగుపెడితే ముందు వాసన పలకరిస్తుంది. పచ్చి పొణికి చెక్క, ఉడికించిన చింతపిక్కల జిగురు, రంగులు. అరుగుల మీద చెక్కేవాళ్ళు చెక్కుతుంటే లోపల ఆడవాళ్ళు రంగులేస్తుంటారు. నాలుగైదు దుకాణాలు తిరిగాను. ఏనుగు అంబారీ ఉంది, దశావతారాలున్నాయి, ఎడ్లబండి ఉంది, తాటిచెట్టెక్కే గీతకార్మికుడున్నాడు, పెళ్ళికూతురు పల్లకీ ఉంది. సిపాయి లేడు! చివరికి కోటేశ్వరరావు గారనే ఆయన అరుగు మీద కూలబడ్డాను. ఆయన చెక్కుతారు, ఆయన భార్య లక్ష్మిగారు రంగులేస్తారు.

"సిపాయి ఉన్నాడండీ, దర్బారు సెట్టులో," అన్నారాయన. "రాజు, మంత్రి, వింజామరలు వీచేవాళ్ళు, ఇద్దరు భటులు. సెట్టుగానే ఇస్తాం."

"రాజొద్దండీ. మంత్రొద్దు. నాకు సిపాయి ఒక్కడే చాలు."

"విడిగా చెయ్యమండీ. విడిగా ఎవరడుగుతారు?"

"గేదె విడిగా దొరుకుతోందండీ! అదుగో, గేదె! పాలు పితికేవాడు లేకుండా గేదె ఒక్కటే అమ్ముతున్నారు. సిపాయి మాత్రం రాజు లేకపోతే నిలబడకూడదా?"

ఆయనకీ కొంచెం కోపం వచ్చినట్టుంది. ఉలి కింద పెట్టారు. "గేదె ప్రతి ఇంట్లో ఉంటుందండీ, చూసి మురిసి కొంటారు. సిపాయి ఎంతమంది ఇళ్ళలో ఉంటాడు చెప్పండి?"

"మా ఇంట్లో ఉన్నాడండీ!"

నేను కావాలని అరవలేదు. అలా వచ్చేసింది. వీధి వీధంతా ఒక్క క్షణం ఉలి చప్పుడు ఆగింది. లక్ష్మిగారు లోపలినుంచి చేతిలో కుంచెతోనే వచ్చి, "కూర్చోండి బాబాయిగారూ, మంచినీళ్ళు తాగండి" అని పీట వేసింది. ఫోనులో మా వాడి ఫోటో చూపించాను. భార్యాభర్తలిద్దరూ తలలు దగ్గరపెట్టి చూశారు. "ఎంత చక్కగా ఉన్నాడండీ!" అంది ఆవిడ. ఇంకేం కావాలండీ నాకు! అప్పటిదాకా ఉన్న కోపం సగం కరిగిపోయింది.

కోటేశ్వరరావు గారి దగ్గర దర్బారు భటుడి మొండెం ఒకటి చెక్కి సిద్ధంగా ఉంది. కొండపల్లి బొమ్మకి కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతపిక్కల జిగురూ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకని ఈటె తీసేసి వీపున తుపాకీ తగిలించడం, తలపాగా చెక్కేసి టోపీ చెయ్యడం పెద్ద పని కాదన్నారు. "కాళ్ళు మామూలుగా జతగా పెట్టేయనా?" అనడిగారు.

"వద్దండీ, నడుస్తూ ఉండాలి. మా వాడి పనే నడక."

"అయితే కుడికాలు ముందు పెడతాను."

"ఇంకా అడగాలా అండీ!" అన్నాను. కొత్త కోడలు గడపలో పెట్టేది కుడికాలే. మా నాన్న నన్ను మొదటిసారి మగ్గం గుంటలోకి దించినప్పుడూ కుడికాలే ముందు పెట్టించాడు. నేను ఈ రోజుకీ అలాగే దిగుతాను. శుభం కోసం పెట్టే బొమ్మ ఎడమకాలుతో కదలడమా! ఆ విషయంలో ఇద్దరికీ రెండో మాటే లేదు. సాయంత్రానికి ఇస్తాననీ, ఈలోగా కోట చూసి రమ్మనీ చెప్పారు. ఎనిమిది వందలు అడిగారు. బేరం ఆడలేదు. చేతి విలువ చేతికి తెలుస్తుంది.

భోజనం వీధి చివర మెస్సులో చేశాను. ఎనభై రూపాయలు, కొసరి కొసరి వడ్డిస్తారు. వడ్డించే ఆవిడ ఏ ఊరు, ఏం పని మీద వచ్చారు అనడిగితే దాచుకోలేక చెప్పేశాను. "సిపాయి నాన్నగారా! అయితే ఇంకో గరిటె వేయించుకోవాల్సిందే" అని దోసకాయ పప్పు పళ్ళెంలో కుమ్మరించింది. ఇలాంటి మనుషులు కూడా ఉన్నారండీ లోకంలో.

కోటకి ఘాట్ రోడ్డు ఉంది. ఆటోవాడు మస్తాన్ రానూపోనూ, పైన గంటసేపు ఆగడానికీ కలిపి నాలుగు వందలన్నాడు. వయసైన వాళ్ళు మెట్లదారి జోలికి పోకుండా ఆటోలోనే వెళ్ళండి. పైన ప్రవేశ టిక్కెట్టు చిన్నదే. మస్తాన్ మంచి మాటకారి. ఆటో తోలుతూనే చరిత్రంతా చెప్పాడు. ఏ రాజు కట్టించాడు, ఏ రాజు పట్టుకున్నాడు, ఏ నవాబు ఏలాడు. తెల్లవాళ్ళు కూడా ఒకప్పుడు సిపాయిలకి ఇక్కడే కవాతు నేర్పారని చెప్పుకుంటారట. పైన రాతి ద్వారం దగ్గర దిగి కిందికి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. అంత నిటారుగా ఉంది కొండ.

"ఇంత ఎత్తు ఎలా ఎక్కారయ్యా సైనికులు?"

"ఎక్కారంట బాబాయ్. పైనుంచి రాళ్ళు దొర్లిస్తుంటే కింద నుంచి ఎక్కారంట. చాలామంది పోయార్లెండి. ఇటు రండి, నాట్యశాల చూపిస్తా. రాజుగారు ఇక్కడ కూర్చునేవారంట, డ్యాన్సర్లు అక్కడినుంచి వచ్చేవాళ్ళంట, అదుగో ఆ తోరణం చూడండి..."

నాట్యశాల గురించి పావుగంట చెప్పాడు. పోయినవాళ్ళ గురించి ఒక్క ముక్క, "చాలామంది పోయార్లెండి." ఆ 'లెండి' నాకు గుచ్చుకుంది.

"వాళ్ళ పేర్లు ఎక్కడన్నా ఉన్నాయా?"

"ఎవరివి, డ్యాన్సర్లవా?"

"ఎక్కినవాళ్ళవయ్యా!"

మస్తాన్ నా మొహంలోకి చూసి, "పేర్లెవరు రాస్తారు బాబాయ్, కాలిబంట్లవి" అన్నాడు మెల్లగా. పాపం వాడి తప్పేముంది? బోర్డు మీద కూడా రాజుల పేర్లే ఉన్నాయి. నేను ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. చిన్నప్పుడు ఎన్ని హరికథలు, ఎన్ని బుర్రకథలు విన్నానో లెక్కలేదు. వీరుడికి పేరుంటుంది, వీరుడి కత్తికి పేరుంటుంది, వీరుడి గుర్రానికి కూడా పేరుంటుంది. కాల్బలం మాత్రం లెక్కకి మిక్కిలి అంటారు, ఆ వెంటనే ఒక్క బాణంతో కూల్చేస్తారు. మళ్ళీ తాళం వేసుకుని పై కథకి వెళ్ళిపోతారు. ఆ కూలినవాడికి ఇంటి దగ్గర ఒక నాన్న ఉండి ఉంటాడన్న ఆలోచన నాకూ అప్పుడు రాలేదు, ఆ కథ చెప్పినవాడికీ రాలేదు. ఆ ద్వారం రాయి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. ఎండకి రాయి కాలుతోంది. మస్తాన్ దూరంగా వెళ్ళి ఊరికే నిలబడ్డాడు, తొందరపెట్టలేదు.

కిందికి దిగి బొమ్మల వీధికి వచ్చేసరికి నాలుగు దాటింది. అరుగు మీద మా సిపాయి! ముదురాకుపచ్చ టోపీ, దాని మీద మా నూలు కుచ్చు, సన్నని మీసం, వీపున తుపాకీ. లక్ష్మిగారు కళ్ళు ఎలా దిద్దిందో గానీ అచ్చం మా వాడి చూపే. పట్టలేని సంతోషం వచ్చింది నాకు. "కాళ్ళు ఇప్పుడే అతికించానండీ, మక్కు ఇంకా పచ్చిగానే ఉంది, ముట్టుకోకండి" అంటున్నారు కోటేశ్వరరావు గారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సాయంత్రం ఖాళీ దొరికితే మా వాడు వీడియో కాల్ చేస్తాడు.

దాచేద్దామా అనుకున్నాను ఒక్క క్షణం. కోట మీద రాయి వేడి ఇంకా అరచేతిలో ఉంది. దాచలేదు. ఫోను బొమ్మవైపు తిప్పాను.

"నాన్నా, ఎక్కడున్నావు? ఏంటది?"

"నువ్వేరా. మీ అమ్మ కొలువులో పెడతానంది."

మొహం దగ్గరపెట్టి చూస్తున్నాడు. చివరికి అన్నాడు, "నాన్నా, ఇది తప్పు."

అయిపోయిందనుకున్నాను. "ఎవరికీ చెప్పదురా మీ అమ్మ..."

"అది కాదు నాన్నా. కాలు తప్పు!"

"ఏం కాలురా?"

"కుడికాలు ముందుంది! మొదటి అడుగు ఎప్పుడూ ఎడమకాలే నాన్నా. కుడికాలుతో కదిలితే మా కవాతు ఉస్తాదు గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తాడు. ఎడమకాలు, దాంతోపాటు కుడిచెయ్యి ముందుకి. నువ్వు కవాతుకి వచ్చావు కదా, చూళ్ళేదా?"

"నిన్ను చూశానురా. కాళ్ళెక్కడ చూశాను!"

లక్ష్మిగారు మధ్యలో దూరింది. "ఎడమకాలు ముందు పెడితే కీడు కదా బాబూ? కొలువులో పెట్టే బొమ్మ!"

మా వాడు నవ్వాడు. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు విని! "మాకు అదే శుభం అండీ. వంద మందిమి ఉంటాం, అందరి ఎడమకాళ్ళూ ఒక్కసారి పడతాయి, ఒక్కటే చప్పుడు. ఒక్కడు తప్పినా చెవికి తెలిసిపోతుంది. ఆ చప్పుడు వింటే చలి తెలీదండీ, భయం తెలీదు. పక్కవాడు ఉన్నాడని తెలుస్తుంది, అంతే."

నాకు మళ్ళీ కళ్ళు నిండాయి. మనసులో నలుగుతున్నదే అడిగేశాను. "కోట మీద ఒక్క సిపాయి పేరు లేదురా. ఒక్కటీ లేదు. రాజులవే ఉన్నాయి."

"మా దగ్గర ఉన్నాయి నాన్నా," అన్నాడు మామూలుగా. "ట్రైనింగులో చేరిన కొత్తల్లోనే తీసుకెళ్ళి చూపించారు. గోడ మీద చెక్కి ఉంటాయి. యుద్ధాల్లో పోయిన మాలాంటి సిపాయిల పేర్లు. ఆఫీసర్ల పక్కనే ఉంటాయి. మాచేత పైకి చదివించారు. అందులో మన తెలుగు పేర్లు కూడా ఉన్నాయి."

అప్పటికే కోటేశ్వరరావు గారు బొమ్మని ఒళ్ళోకి తీసుకుని, పచ్చి మక్కు మీద నీళ్ళు అద్ది, కాళ్ళు మెల్లగా ఊడదీస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు. "బాబూ, ఆర్మీలో మీది ఏం పని?"

వాడు ఆ పేరు దాస్తున్నాడని ఆయనకి తెలియదుగా! మా వాడు నన్ను చూశాడు, బొమ్మని చూశాడు.

"ఇన్‌ఫాంట్రీ అండీ," అన్నాడు. "కాల్బలం. నడిచేవాళ్ళం."

గట్టిగానే అన్నాడు. పొద్దున నేను అరిచినప్పుడు ఆగినట్టే పక్క అరుగు మీద ఉలి మళ్ళీ ఆగింది.

కొత్త కాళ్ళు చెక్కి, చేతులు మార్చి, రంగులేసి, మక్కు గట్టిపడేదాకా ఆగితే బయలుదేరేసరికి చీకటి పడింది. వచ్చిన దారినే తిరుగు బస్సు. బొమ్మ అట్టపెట్టెలో ఎండుగడ్డి మధ్య నా ఒళ్ళో ఉంది. ఇంటికి రాగానే నాగమణి పెట్టె విప్పి, "ఎడమకాలేంటండీ, అప్రాచ్యంగా!" అని అరిచింది. జరిగింది చెప్పాను. బొమ్మని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత, "గడప దాటి ఇంట్లోకొచ్చేటప్పుడు మాత్రం కుడికాలే పెట్టాలి, చెప్పండి వాడికి. మిగతాది వాళ్ళ ఇష్టం" అంది. కొలువులో దేవుళ్ళు పైమెట్టు మీద, రాజులు వాళ్ళ కింద ఉంటారు. సిపాయిని ఎక్కడ పెడుతుందా అని చూశాను. అట్టడుగు మెట్టు మీద, అందరికంటే ముందు పెట్టింది. పేరంటానికి ప్రసాదు భార్య కూడా వచ్చింది. ఈ బొమ్మేంటి వదినా అనడిగితే నాగమణి నిజంగానే ఏమీ చెప్పలేదట. ఫోను తీసి కొడుక్కి వీడియో కాల్ కలిపి ఆవిడ చేతికిచ్చి, "వాడే చెప్తాడు, అడుగు" అందట. వాడు చెప్పాడట.

నా కోపం పూర్తిగా పోలేదండీ, పోకూడదు కూడా. ఈ లోకం గుర్రానికి పేరు పెట్టి, నడిచేవాడికి 'లెండి' అనే మాటతో సరిపెట్టింది. కోటలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ రాతి ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఎక్కినవాడెవరో తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. వాడి పేరు మనకి తెలియకపోయినా ఎక్కడో ఒక గోడకి తెలిసే ఉంటుందని మా వాడు చెప్పాక నాకు కొంచెం నిద్ర పడుతోంది. ఇక మీలో ఎవరైనా ఇలాగే కొండపల్లి వెళ్ళి మీ ఇంటి మనిషి బొమ్మ చేయించుకోవాలనుకుంటే ఒక్క సలహా. పొద్దున్నే వెళ్ళి చెప్పండి, సాయంత్రానికి ఇస్తారు. కానీ మక్కు పచ్చిగా ఉండగానే ఆ మనిషికి ఫోను చేసి చూపించండి. ఏ కాలు ముందో వాళ్ళకే తెలుస్తుంది.